ఎనిమిదో మలుపులో బ్రేకు

నిమ్మకాయ తీసేశాక కూడా కారు గోడకే కొట్టుకుంది.

అదే ఎనిమిదో మలుపు. అదే కుడివైపు గోడ. స్టీరింగ్ నిలోఫర్ చేతుల్లో ఒక్కసారి గుంజుకుని చచ్చుబడిపోయింది. తెర మీద ఎర్ర కారు ముక్కు నుజ్జయి, చక్రం ఒకటి ఊడి ట్రాకు అవతలికి దొర్లిపోతోంది. అసలు కారు కాదు కాబట్టి ఒంటికి దెబ్బ తగల్లేదు. తగిలిన చోటు వేరే.

"ఏం నిలోఫరూ, ఆ గోడ కాడ మీ చుట్టాలేమన్నా ఉండారా? పొద్దున్నుంచి పోయి పలకరించి వస్తా ఉండావు" అన్నాడు వెనక నిలబడ్డ మునిశేఖర్.

ఎవరో కిసుక్కున నవ్వారు. నిలోఫర్ బ్రేకు పెడల్ మీదున్న తన పాదాన్నే చూస్తూ ఉండిపోయింది. మోసం చేస్తున్నది ఈ పాదమా, ఈ గదిలో ఉన్న మనిషా?

చిత్తూరులో మామిడికాయల ట్రక్కు తోలే ఇమాంసాహెబ్ కూతురు ఆఖరి పోటీదాకా ఎలా వచ్చిందో కిందటి వారం చూశాం. తిరుపతిలో, రేణిగుంట రోడ్డు పక్కన ఒక మేడ మీద రఘునాథ్ నడుపుతున్న రేసు సిమ్యులేటర్ సెంటర్ అది. దక్షిణాది పోటీలో మిగిలింది ఇద్దరే, నిలోఫర్, మునిశేఖర్. ఇద్దరూ రఘునాథ్ శిష్యులే. ఇద్దరూ ఒకే మిషన్ మీద, ఒకరి తర్వాత ఒకరు నడపాలి. ట్రాకు చుట్టూ ఒక్క ల్యాప్ ఎవరిది వేగంగా పూర్తయితే వాళ్ళకు చెన్నై దగ్గర అసలు ట్రాకు మీద అసలు రేసు కారు, ఒక సీజన్ మొత్తం. ఓడినవాళ్ళకు చప్పట్లు. ఆ పోటీ ఈ సాయంత్రమే.

నిన్నటిదాకా ఎనిమిదో మలుపు ఆమెకు కొట్టిన పిండి. ఇవాళ పొద్దున్నుంచి కారు అక్కడ తిరగనంటోంది. అదే కుర్చీలో కూర్చుని, అదే పెడల్ తొక్కి మునిశేఖర్ మాత్రం నున్నగా పోయి వస్తున్నాడు.

కాసేపటి క్రితం రఘునాథే నేల మీద బోర్లా పడుకుని ఫోన్ లైటు వేసి వెతికాడు. బ్రేకు పెడల్ కింద నలిగిపోయిన నిమ్మకాయ దొరికింది. పసుపూ కుంకుమా అంటిన కాయ. ఇవాళ శుక్రవారం కదా, ఆయన తల్లి జ్ఞానాంబ మిషన్‌కు పూజ చేసింది.

"మాయమ్మ పని ఇది. రసం లోపలికి పోయుంటాది" అని నవ్వుతూ గుడ్డతో తుడిచి లేచాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కారు మళ్ళీ గోడకు కొట్టుకుంది.

పోటీ నిర్వాహకుల తరఫున వచ్చిన రామచంద్ర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మర్యాదస్తుడు, కానీ మొహమాటం లేని మనిషి.

"మిషన్ ఒకటే కదమ్మా. అతనికి బాగున్నది నీకెందుకు బాగుండదు?"

"మిషన్లోనే ఏదో ఉండాది సార్. ఎవరో ఏదో చేసినారు."

గదిలో నవ్వులు ఆగిపోయాయి.

"ఎవరో అంటే కుదరదు" అన్నాడు రామచంద్ర. "పేరు చెప్పు, రుజువు చూపించు. అప్పుడు నేనేం చెయ్యాలో అది చేస్తాను. రుజువు లేకుండా ఎవరి మీదైనా నింద వేశావో, నీ పేరే కొట్టేస్తాను. భోంచేసి రండి. సాయంత్రం పోటీ."

అందరూ పక్క గదిలోకి కదిలారు. రఘునాథ్ వెనకబడి, ఆమె కుర్చీ పక్కకు వంగాడు. గొంతు తగ్గించాడు.

"టెన్షన్ పడతా ఉండావు పాపా. ఆ మామిడికాయల బ్రేకు ఈ పూటకు వదిలెయ్. నేను నేర్పిచ్చినట్టు పో. అందరికీ పనికొచ్చేది నీకు పనికి రాదా?"

ఎదురుగా గోడ నిండా ఆయన రాయించుకున్న పెద్ద అక్షరాలు: ముందు బ్రేకు, తర్వాతే మలుపు.

"అట్లే అన్నా" అంది నిలోఫర్. ఆయన ఆమె భుజం తట్టి వెళ్ళాడు. ఏడాదిగా ఒక్క పైసా తీసుకోకుండా నేర్పించిన మనిషి. ఆ చెయ్యి తగిలితే ధైర్యం రావాలి. ఎందుకో రాలేదు.

గదిలో మిగిలింది కృపారాణి ఒక్కతే. పాకాల పిల్ల, నిలోఫర్‌కు ప్రాణస్నేహితురాలు. రోజూ పొద్దున రైలెక్కి వచ్చి, ఈ సెంటర్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. మిషన్ మీద ఎవరి పాదం ఎప్పుడు ఎంత నొక్కిందో అంతా అందులో గీతలుగా కనపడుతుంది.

"రా మే, ఇట్ల చూడు" అంది తెర తిప్పి. "ఇది నిన్నటి గీత. బ్రేకు గట్టిగా నొక్కినావు. మలుపులోకి పోతా కొంచెం కొంచెం వదిలినావు. వాలుగా దిగతా ఉండాది, చూసినావా? ఇప్పుడు ఇవాల్టిది."

ఇవాల్టి గీత చాలా దూరం వాలుగానే దిగింది. ఆ తర్వాత కొండ అంచు విరిగిపడ్డట్టు ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది.

"గబుక్కున కాలెత్తేస్తా ఉండావు మే" అంది కృపారాణి జాలిగా. "భయం. ఇంకేం లేదు. పద, అన్నం తిందాం."

"నువ్వు పో. నేను చెయ్యి కడుక్కోని వస్తా."

కాలు ఎత్తలేదు. ఆ సంగతి నిలోఫర్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే ఆ కాలు అలా ఎత్తకూడదని నేర్చుకున్నది ఈ చల్లటి గదిలో కాదు. మామిడి సీజన్లో తండ్రి పక్కన కూర్చుని, తోతాపురి కాయల లోడుతో గుజ్జు ఫ్యాక్టరీకి ట్రక్కు తోలుతూ నేర్చుకుంది. మలుపు ముందు బ్రేకు వేసి ఒక్కసారిగా వదిలితే లోడు వెనక్కి ఎగిరిపడుతుంది. పై వరస క్రేట్లు రోడ్డు పాలు. అందుకని బ్రేకును మలుపు మధ్యదాకా కొసరుతూ, వేలితో దారం వదిలినట్టు వదలాలి. అలా వదిలినంతసేపూ బండి బరువు ముందు చక్రాల మీదే ఉంటుంది. బరువున్నంతసేపూ ముక్కు చెప్పిన మాట వింటుంది. ఈ మిషన్లోనూ అదే లెక్క. మునిశేఖర్ మలుపు ముందే బ్రేకు పని ముగించి, ఆగి, అప్పుడు తిప్పుతాడు. నిలోఫర్ బ్రేకు వదులుతూనే తిప్పుతుంది. ఆమె సంపాదించే సమయమంతా అక్కడే.

ఆ కొసరు ఒక్కటే ఎవరైనా కోసేస్తే? మునిశేఖర్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నిలోఫర్ గోడకు పోతుంది.

ఇది మిషన్ మీద చేసిన పని కాదు. ఆమె పాదం మీద చేసిన పని.

చెయ్యి కడుక్కోవడానికి వెనక వరండాలోకి పోతే, జ్ఞానాంబ గిన్నెలో మజ్జిగ చిలుకుతూ కనిపించింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏం పెద్దమ్మా, అట్లుండావు?"

"నా కొడుకు అందరి ముందరా నామింద పెట్టినాడు పాపా. పోనీలే, వాడు నా కడుపున పుట్టినోడే కదా అని నోరు మూసుకున్నా. నువ్వు సెప్పు, నేను దిష్టి నిమ్మకాయ మనిషి కాలి కింద పెడతానా?"

"అదేంది, బండ్లకు పెడతారు కదా?"

"బండికి పెడతారు. చక్రం తొక్కతాది. మనిషి తొక్కగూడదు తల్లీ! రోడ్డు మింద పడుంటే కూడా సుట్టు తిరిగి పోతాం. దీనికి చక్రాల్లేవు కదా, అందుకని కుర్చీ నాలుగు కాళ్ళ కాడా నాలుగు కాయలు పెట్టినా. పోయి సూడు, నాలుగూ అట్లే ఉండాయి. ఆ అయిదోది నేను పెట్టలా. నీ కాలికి కీడు జరగాలని నేనెందుకు పెడతా?"

నిలోఫర్ తిరిగి గదిలోకి వచ్చి వంగి చూసింది. కుర్చీ నాలుగు కాళ్ళ దగ్గరా నాలుగు నిమ్మకాయలు, చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అయిదో కాయ ఎవరో కావాలని పెట్టారు. అది దొరికితే, కారణం దొరికిందనుకుని ఎవరూ ఇక మిషన్ లోపల వెతకరు. పెట్టినవాళ్ళకు మాత్రం ఒక చిన్న సంగతి తెలియదు, లేదా ఆ తొందరలో తట్టలేదు. దిష్టి కాయను మనిషి కాలితో తొక్కించకూడదు.

తెలియనివాళ్ళు ఎవరు? మునిశేఖర్ తండ్రిది కొండ మీదికి తిప్పే ట్యాక్సీ. శుక్రవారం నిమ్మకాయ లేకుండా వాళ్ళ బండి షెడ్డు దాటదు. రఘునాథ్ ఆ తల్లి కొడుకు. ఈ పూజలు లేని ఇంట్లో పుట్టింది ఇద్దరే. ఒకరు తాను. ఇంకొకరు ఆదివారం తప్పకుండా చర్చికి పోయే కృపారాణి.

ఆ పేరు మనసులోకి రాగానే నిలోఫర్ తనను తాను అసహ్యించుకుంది. అయినా ఆ పేరు పోలేదు. కాలెత్తేస్తా ఉండావు, భయం, ఇంకేం లేదు. అంత తొందరగా ఎలా తేల్చేసింది?

మిషన్ సెట్టింగ్స్ తెరిచింది. పెడల్స్ పేజీ. బ్రేకుకు రెండు గుర్తులుంటాయి. పై గుర్తు, ఎంత నొక్కితే పూర్తి బ్రేకు అనేది. కింది గుర్తు, ఎక్కడి నుంచి బ్రేకు మొదలవుతుంది అనేది. కింది గుర్తు అట్టడుగున ఉండాలి. దాన్ని ఎవరో పైకి జరిపారు. ఎక్కువేం కాదు, అయిదో వంతు. అంటే చివరి అయిదో వంతు పాదం నొక్కినా, నొక్కనట్టే.

పొరపాటు కాదిది, కొలత. ఆమె పాదం ఏ మలుపులో ఎంత కొసరుతుందో తెలిసినవాళ్ళు మాత్రమే వెయ్యగల కొలత. ఆ సంగతి ఆమె ఇద్దరికే చెప్పింది. పాకాల స్టేషన్లో రైలు కోసం కూర్చున్న ఒక సాయంత్రం కృపారాణికి. ఒకరోజు ఎందుకింత వేగం వచ్చిందని అడిగితే రఘునాథ్‌కు.

పక్క గదిలో కంచాల చప్పుడు. ఇప్పుడే పోయి రామచంద్రను పిలిచి చూపించవచ్చు. చూపిస్తే ఏమంటాడు? గుర్తు జరిగింది నిజమే, జరిపింది ఎవరు? నువ్వే జరుపుకుని ఓటమికి సాకు వెతుక్కున్నావా? కాదనడానికి ఆమె దగ్గర రుజువు లేదు.

నిలోఫర్ చేసిన పని వేరు. కింది గుర్తును మెల్లగా అట్టడుగుకు దించేసింది. పేజీ మూసేసింది. పోయి అందరితో పాటు కూర్చుని, పెరుగన్నం తింది. కృపారాణి ఆమె కంచంలో మామిడికాయ ఊరగాయ వేస్తే, "చాల్లే మే" అని నవ్వింది కూడా. గుర్తు తిరిగి దించిన సంగతి కృపారాణికి కూడా చెప్పలేదు.

అందరూ తిరిగి వచ్చాక ఆమె రామచంద్ర ముందు నిలబడింది.

"సార్, పోటీకి ముందర ఒక కోరిక. ఎనిమిదో మలుపు నా పద్ధతిలో మునిశేఖరూ, కృపారాణీ, అన్నా ముగ్గురూ ఒక్కోసారి పోయి రావాల. చూసి నా తప్పేందో తెలుసుకుంటా."

"నీ పద్ధతి ఏమిటి?"

చెప్పింది. మామిడికాయల లోడు, కొసరుతూ వదిలే బ్రేకు, వదులుతూనే తిప్పే స్టీరింగ్. ఏడాదిగా దాచుకున్నదంతా చెప్పేసింది. ఎదురుగా నిలబడి వింటున్నది మునిశేఖర్. సాయంత్రం ఆమెను ఓడించాల్సినవాడు.

కృపారాణి నోరు తెరిచింది. "నీకేమన్నా పిచ్చి పట్టిందా మే? వాడి ముందర..."

"పట్టనీ" అంది నిలోఫర్. తన కోరికకు రఘునాథ్ ముఖం ఎలా మారుతుందో చూడాలనుకుంది. ఆయన చేతులు కట్టుకుని చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు.

మొదట మునిశేఖర్ కూర్చున్నాడు. "నాకు రాదబ్బా ఇట్లాటివి. గోడకు పోతే నవ్వొద్దు" అంటూనే బయలుదేరాడు. ఎనిమిదో మలుపులో బ్రేకు వేశాడు, వదలబోయాడు, ఆగాడు, మెల్లగా వదిలాడు. కారు ముక్కు మలుపు లోపలికి ఒద్దికగా ఒదిగింది.

"ఓరి నీ! ఇది పోతా ఉండాది సామీ! ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నా మాకు?" అని అరిచాడు రఘునాథ్ వైపు తిరిగి. ఆ ఆశ్చర్యంలో నటన లేదు. తెర మీద మెరిసిన సమయం నిలోఫర్ చూసింది. అతని సొంత రికార్డు కంటే తక్కువ. ఉచ్చు ఖరీదు అది. కానీ గీత శుభ్రంగా, చివరిదాకా వాలుగా దిగింది.

తర్వాత కృపారాణి. ఆమె డ్రైవరు కాదు, చూస్తూ నేర్చుకున్నది మాత్రమే. తాబేలులా ఏడు మలుపులు దాటి ఎనిమిదో దాని దగ్గర పెదవి కొరుక్కుని బ్రేకు వేసింది. నిలోఫర్ ల్యాప్‌టాప్ వైపు చూసింది. గీత దిగింది, ఇంకా దిగింది, అడుగుదాకా దిగింది. కారు తిరిగింది.

"తిరిగిందే! నా కాలికే తిరిగితే నీకెందుకు తిరగలేదు మే?" అంది కృపారాణి అమాయకంగా. నిలోఫర్ ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. మధ్యాహ్నమంతా మోసిన అనుమానం ఇప్పుడు సిగ్గుగా మారి కంట్లో నలుసులా గుచ్చుకుంటోంది.

ఇక మిగిలింది ఒకరే.

"నేనెందుకులే. వాళ్ళిద్దరూ పోయొచ్చినారు కదా" అన్నాడు రఘునాథ్.

"కోచ్ మీరే కదండీ" అన్నాడు రామచంద్ర. "మీరు చూపిస్తే ఆ అమ్మాయికి అనుమానం తీరుతుంది. నాకూ తీరుతుంది."

రఘునాథ్ ఒక్క క్షణం తటపటాయించి కూర్చున్నాడు. ఈ ఊళ్ళో ఆయన్ను మించిన చెయ్యి లేదు. ఏడు మలుపులు పాట పాడినట్టు దాటాయి. ఎనిమిదో మలుపు దగ్గర బ్రేకు పడింది. స్టీరింగ్ తిరిగింది. నిలోఫర్ తెరను చూడటం లేదు. ఆయన పాదాన్ని చూస్తోంది.

పాదం పూర్తిగా వదల్లేదు. కొంత వదిలి, ఒక చోట గట్టిగా నిలబడిపోయింది. అక్కడి నుంచి మలుపు నడిమధ్య దాకా ఇసుమంత కూడా సడలలేదు.

బరువంతా ముందుకే పడి, కారు వెనకభాగం తేలిపోయింది. గిర్రున తిరిగి, ఎడమవైపు కంచెకు వీపు ఆనించి ఆగింది. పొద్దున్నుంచి నిలోఫర్ కారు ఎప్పుడూ పోని వైపుకు.

గదిలో ఎవరూ నవ్వలేదు. రఘునాథ్ ఓడిపోయినవాడిలా కాదు, లెక్క తప్పినవాడిలా తెర వైపు చూస్తున్నాడు.

రామచంద్ర ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. "మిగతా ఇద్దరి గీతలూ వాలుగా ఉన్నాయి. ఇక్కడేమిటి, మెట్టులా ఆగిపోయింది?"

"చివర్లో బ్రేకు ఉండదని తెలిసినోళ్ళే, కారు గోడకు పోకుండా అట్ల నొక్కి పట్టుకోని ఉంటారు సార్" అంది నిలోఫర్. "పొద్దున నిజంగానే లేదు. అయిదో వంతు కోసేసినారు. అందరూ తినేటప్పుడు నేను సరిచేసినా. ఆ సంగతి ఈ గదిలో ఎవరికీ చెప్పలా. ఏమీ తెలియని వాళ్ళిద్దరూ మామూలుగా కడదాకా వదిలినారు, కారు తిరిగింది. అది కళ్ళారా చూసినా నమ్మక, తెలిసిన కాలు మాత్రం వదల్లా."

మునిశేఖర్ నవ్వు ఎప్పుడో ఆరిపోయింది. కృపారాణి చెయ్యి నోటికి అడ్డం పోయింది. రఘునాథ్ కుర్చీలోంచి మెల్లగా లేచాడు.

"ఏం మాట్లాడతా ఉండావు పాపా? ఒకసారి కారు జారిందని..."

"మీ పాఠం వినని పిల్ల గెలిస్తే, ఈ గోడ మింద అక్షరాలకు విలువుండదని కదన్నా?"

ఆయన చూపు గోడ మీది అక్షరాల మీదికి పోయింది.

"అమ్మాయ్" అన్నాడు రామచంద్ర. "నేను పొద్దున ఏం చెప్పానో గుర్తుందిగా? చూచాయగా అంటే నేను ఒప్పుకోను. చేసిందెవరో నోటితో చెప్పు. తప్పైతే ఈ సాయంత్రం పోటీ నీకు లేదు."

నిలోఫర్ నోరు తెరిచింది. అప్పుడే వరండా తలుపు దగ్గర మజ్జిగ గ్లాసుల పళ్ళెంతో నిలబడ్డ జ్ఞానాంబ కనిపించింది. ఎంతసేపటి నుంచి అక్కడుందో. ఆమె చూపు కొడుకు మీద లేదు. నిలోఫర్ మీదే ఉంది. చెప్పొద్దని వేడుకుంటున్నట్టు కాదు, చెప్పమని అడుగుతున్నట్టు.

ఇదే సెంటర్, ఇదే మిషన్. ఈ పేరు చెప్పాక ఈ మెట్లు మళ్ళీ ఎక్కే వీలుండదు. పైసా తీసుకోకుండా నేర్పించిన ఏడాదంతా కళ్ళ ముందు తిరిగింది. దాని వెనకే గోడకు కొట్టుకున్న ఎర్ర కారు.

"మా గురువే సార్" అంది నిలోఫర్. "బ్రేకు కోసింది రఘునాథ్ అన్నే."